మనోళ్ల నీళ్లు

ఆ ఏడాది కొండల మీద మంచు సరిగా పడలేదు. మే నెల దాటకముందే ఏట్లో రాళ్లు బయటపడ్డాయి. మా ఊరు ఎల్ సౌసాల్‌లో కాలువకు నీళ్లొచ్చేది ఆ ఏటి నుంచే. కాలువ పొడవునా ఉన్న ఇళ్లకు వంతులున్నాయి. ఎవరి వంతు రోజున వాళ్లు తూము పలక ఎత్తి పొలం తడుపుకుంటారు, వంతు కాగానే దించేస్తారు. కాలువ చిట్టచివర ముసలి బెలార్మినో పొలం. ఆయన వంతు నాడు కాలువ అడుగున తడి తప్ప నీళ్లు లేకుండా పోయాయి. మిరప మొక్కలు తలలు వాల్చేశాయి.

కాలువ పెద్ద ఒనోఫ్రె పార భుజాన వేసుకుని గట్టు వెంట తిరిగి చూశాడు. ఎక్కడా గండి లేదు.

"ఎవరో దొంగచాటుగా పలక ఎత్తుతున్నారు," అన్నాడు పెట్రోలు బంకు దగ్గర.

ఆయన 'ఎవరో' అన్నాడే గానీ, విన్నవాళ్ల కళ్లన్నీ ఒకే వైపు తిరిగాయి. రోడ్డుకు అవతల, కాలువ పొడవులో సగం దూరాన, ఒక యాపిల్ తోట ఆ ఎండలో కూడా పచ్చగా నిలబడి ఉంది.

ఆ తోట వారెన్ హోల్కమ్‌ది. ఒహాయోలో రైలు సిగ్నళ్లు బాగుచేసే పనిలో ఉండి, భార్య పోయాక ఇటు వచ్చాడు. పొడుగు మనిషి, కొంచెం వంగి నడిచేవాడు. మా భాష పుస్తకంలో చూసి నేర్చుకోవడంతో ఆయన మాట్లాడితే చర్చిలో ఫాదర్ చదువుతున్నట్టు ఉండేది. "మీరు క్షేమముగా నున్నారా?" అని పిల్లలు వెనక నుంచి వెక్కిరించేవాళ్లు. వసంతంలో కాలువ పూడిక తీసే రోజున అందరికన్నా ముందు వచ్చి నిలబడేవాడు. ఒనోఫ్రె ఎప్పుడూ ఆయనకు విల్లో చెట్ల వేళ్లు అల్లుకుపోయిన కాలువ ముక్కే కొలిచి ఇచ్చేవాడు. మధ్యాహ్నం తిండి దగ్గర ఆయనకు అటూ ఇటూ ఒక మనిషి కూర్చునేంత జాగా ఖాళీగా మిగిలేది. అలా ఎవరూ కావాలని వదిలినట్టు కనిపించేది కాదు. కానీ ప్రతిసారీ మిగిలేది.

ఆయనకు ఆ తోట అమ్మింది కసిల్దా. నాకు పెద్దమ్మ కూతురు, స్కూలు బస్సు నడుపుతుంది. తమ్ముడు పోయాక అతని భూమి చూసుకోలేక, కొనమని ఊళ్లో ఇంటింటికీ వెళ్లి అడిగింది. "ఇప్పుడెందుకులే," అన్నారందరూ. తీరా ఒహాయో ఆయనకు అమ్మాక, "పరాయివాడి చేతిలో పెట్టింది. రేపు తాత సమాధి కూడా బేరం పెడుతుంది," అన్నారు. అప్పటినుంచీ కసిల్దా ఊళ్లో కొంచెం తల దించుకునే తిరిగేది. నీళ్ల గొడవ మొదలవగానే వారెన్ మీద అందరికన్నా గట్టిగా లేచిందీ ఆమే.

"చెట్ల కింద అంత మందాన గడ్డి ఎందుకు పరిచాడో చెప్పండి! కింద నేల తడిసింది మనకి కనబడకూడదనేగా?" అంది ఆదివారం చర్చి మెట్ల మీద.

"గిన్నెలు కడిగిన నీళ్లు చెట్లకి పోసుకుంటాడంట కదా," అన్నారెవరో.

"ఒక్కడికి ఎన్ని గిన్నెలు?" అన్నాడు తెలెస్ఫోర్. అందరూ పగలబడి నవ్వారు.

తెలెస్ఫోర్ ఉన్నచోట నవ్వులుంటాయి. చర్చిలో మొదటి గొంతు ఆయనదే, పెళ్లిలో మొదటి అడుగు ఆయనదే, ఎవరైనా పోతే గొయ్యి తవ్వడానికి ముందు దిగేది కూడా ఆయనే. కసిల్దాకు పినతండ్రి కొడుకు, ఆమెను అక్కా అంటాడు. ఆ రోజు నవ్వుతూనే కసిల్దా భుజం మీద చెయ్యి వేశాడు. "అక్క కళ్లకి దొరక్కుండా పోడు లేండి," అన్నాడు. చాలా కాలం తర్వాత ఆ మెట్ల మీద ఆమెకు ఊపిరి తేలిగ్గా ఆడింది.

తనను అనుమానిస్తున్నారని వారెన్‌కు తెలియకపోలేదు. బంకులో ఆయన అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. ఎదురింటి ఆవిడ వారానికోసారి పంపే తొర్తీయా రొట్టెలు రావడం మానేశాయి. ఒక సాయంత్రం ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని ఒనోఫ్రె ఇంటికి వెళ్లాడు.

"అయ్యా, నేను నీటిని తీసుకొనలేదు. అయినను నా వంతు బెలార్మినో గారికి ఇచ్చుచున్నాను. ఆయన పంట బ్రతికిన చాలును."

ఒనోఫ్రె సరేనన్నాడు. వారెన్ తన తూము పలక దించి, మేకులు కొట్టి, గొలుసు చుట్టి తాళం చెవి ఒనోఫ్రె చేతికే ఇచ్చేశాడు. ఇక ఆ తోటలోకి చుక్క పోయే దారి లేదు. అయినా బెలార్మినో పొలానికి నీళ్లు రాలేదు.

దీంతో అనుమానం తీరిపోవాలి. అలా జరగలేదు, ఇంకా ముదిరింది.

"తాళం వేశాడంటేనే తెలియట్లా? ఇంకెక్కడో దారి పెట్టుకున్నాడు," అన్నారు బంకు దగ్గర.

"గొట్టం పూడ్చుంటాడు."

"రైల్వేలో పనిచేసినోడు. నేల కింద తీగలు లాగడం వాడికి అలవాటేగా!"

ఒకవేళ నీళ్లు వచ్చి ఉంటే, 'చూశారా, వాడు మానగానే వచ్చాయి' అనేవాళ్లు. నీళ్లు రాకపోయేసరికి వాడు మామూలు దొంగ కాదన్నారు. కసిల్దా కూడా ఆ మాటే అంది. అన్నాక, బస్సు స్టీరింగు ముందు కూర్చుని, తాళం వేసిన ఆ తూమును పక్క నుంచి చూస్తూ పోతున్నప్పుడు, ఏదో సరిపడలేదనిపించింది. ఆ ఆలోచనను ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

కాలువ వాళ్లంతా చర్చి పక్క హాల్లో సమావేశం పెట్టుకున్నారు. వారెన్‌కు ఈ ఏడాది వంతు లేదని తీర్మానించారు. తనే వదులుకున్నదాన్ని మళ్లీ ఎందుకు తీసేస్తున్నారని ఆయన అడగలేదు. లేచి, "మీ నిర్ణయమును గౌరవించెదను," అని వెళ్లిపోయాడు. తలుపు మూసుకోగానే తెలెస్ఫోర్ అదే మాట అదే గొంతుతో మళ్లీ అన్నాడు. హాలంతా నవ్వింది.

సాన్ హువాన్ పండుగ నాడు పూజకు ఊరంతా చర్చిలో ఉంది. పూజ తర్వాత భోజనాలకు కసిల్దా పెద్ద కుండ నిండా మొక్కజొన్న, మాంసం వేసిన పొసోలె పులుసు వండింది గానీ, నూరిన ఎర్ర మిరప ముద్ద ఇంట్లోనే మరిచిపోయింది. పూజ నడుస్తుండగానే లేచి బయటికి వచ్చింది. కింది రోడ్డుకు అడ్డంగా ఊరేగింపు కోసం కొయ్యలు పాతి ఉన్నాయి. చేసేది లేక పై రోడ్డు పట్టుకుంది. ఆ దారిలో పండుగ పూట మనిషన్నవాడు తిరగడు.

తెలెస్ఫోర్ పశువుల గడ్డి పొలం దగ్గర ఏదో మెరిసింది. రేకు ముక్కేమో అనుకుంది. బండి ఆపి చూస్తే నీళ్లు. మోకాలెత్తు గడ్డి మధ్య, ఈ మూల నుంచి ఆ మూల దాకా నీళ్లు. కాలువ నుంచి సన్నటి పాయ ఒకటి పొదల చాటుగా పొలంలోకి దిగుతోంది. దాని నోటి దగ్గర గోనెసంచులు, వాటి మీద పచ్చి మట్టిగడ్డలు. ఎవరైనా గట్టు మీద నడిచిపోతే ఏమీ కనబడదు. అక్కడ పార పట్టుకుని, చెప్పులు విడిచి, లంగా అంచు నడుముకు దోపుకుని నిలబడి ఉంది తెలెస్ఫోర్ భార్య ఎర్సిలియా.

దూరంగా చర్చిలోంచి పాట వినిపిస్తోంది. అందులో తెలెస్ఫోర్ గొంతు విడిగా తెలుస్తోంది.

"నీకు ఒంట్లో బాలేదని, అందుకే పూజకి రాలేదని అన్నాడు నీ మొగుడు," అంది కసిల్దా.

"వదినా, అరవకు."

"అరిచానా? నువ్వు చెప్పు. ఎప్పట్నుంచి?"

"గడ్డి ఎండిపోతే ఆవుల్ని అమ్ముకోవాలి వదినా. అవి పోతే ఆయన మనిషి కాడు. నీకు తెలీదా?"

"మరి బెలార్మినో బాబాయి మిరప? ఆ తోటాయన చెట్లు? ఆయన్ని దొంగని చేసి కూర్చోబెట్టారు కదే!"

ఎర్సిలియా ముఖంలో నిజంగానే ఆశ్చర్యం కనిపించింది. "ఆయన సంగతి వేరు వదినా. మన తాతలు తవ్విన కాలువ. మనం కాస్త వాడుకుంటే దొంగతనం ఎలా అవుతుంది? ఆయన చుక్క తీసుకున్నా దొంగతనమే."

"ఆయన తీసుకోలేదుగా!"

"తీసుకోడని ఏంటి నమ్మకం?"

కసిల్దా తిరిగి బండెక్కింది. అన్నిటికన్నా ఆమెను భయపెట్టిందేమంటే, తనూ చర్చి మెట్ల మీద అలాగే మాట్లాడింది. ఇంటికి వెళ్లి మిరప ముద్ద తెచ్చి కుండలో కలిపింది, అందరికీ వడ్డించింది. తెలెస్ఫోర్ రెండోసారి గిన్నె చాపి, "అక్క చెయ్యి పడితే చాలు," అన్నాడు. ఆయన కళ్లు మాత్రం ఆమె కళ్లను వెతుకుతున్నాయి. ఎర్సిలియా అప్పటికే చెప్పేసిందని ఆమెకు తెలిసిపోయింది.

తర్వాతి సమావేశంలో కసిల్దా లేచి నిలబడింది. చూసింది చూసినట్టు చెప్పింది. పాయ ఎక్కడుందో, గోనెసంచులు ఎలా కప్పారో అంతా చెప్పింది. తెలెస్ఫోర్ తల గోక్కున్నాడు.

"ఉన్నమాటే. ఆవుల మొహం చూళ్లేక కొంచెం మళ్లించా," అన్నాడు. "ఏం బాబాయ్, నీకు ఒక పందిపిల్ల బాకీ ఉన్నాననుకో."

ఒకరిద్దరు నవ్వారు. తర్వాత ఇంకొందరు నవ్వారు. ఆ నవ్వుతో హాలు గాలి తేలికైపోయింది. ఒనోఫ్రె గొంతు సవరించుకుని, "సరే, ఇకమీదట అలా చెయ్యకు," అని ఇంకో విషయానికి వెళ్లబోయాడు.

"మరి వారెన్ వంతు?" అంది కసిల్దా.

"ఈ ఏడాదికి అలా ఉండనీ అమ్మా. తీర్మానం అయిపోయింది. మళ్లీ తిరగరాస్తే తెలెస్ఫోర్‌ని అందరి ముందూ దొంగని చేసినట్టుంటుంది."

"దొంగతనం చేశాడుగా! బాబాయ్, నువ్వయినా చెప్పు. ఎండిపోయింది నీ పొలం."

బెలార్మినో కర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. "నాకు ముందే తెలుసు," అన్నాడు నెమ్మదిగా.

"ఏంటి తెలుసు?"

"కాలువ పక్కన ఇన్నేళ్లు బతికాను. నీళ్లు ఎక్కడ తగ్గుతున్నాయో చప్పుడు బట్టి తెలియదా? చూడు తల్లీ, నేను పోయిన రోజు నా శవపెట్టె మోసేది తెలెస్ఫోర్. ఆ తోటాయన మోస్తాడా? మోస్తాడేమో, నాకేం తెలుసు? తెలియనివాడి కోసం తెలిసినవాణ్ణి వదులుకోమంటావా? ఒక ఏడు మిరప పోయిందనుకుంటా."

ఆయన కోపంగా అనలేదు. అదే కసిల్దాకు మరీ కష్టమైంది.

ఆ సాయంత్రమే ఆమె యాపిల్ తోటకు వెళ్లింది. వారెన్ గిన్నెలు కడిగిన నీళ్లు బక్కెట్‌తో మోస్తున్నాడు. జరిగిందంతా చెప్పి, నిన్ను అందరికన్నా ఎక్కువగా అన్నది నేనేనంది. ఆయన బక్కెట్ కింద పెట్టాడు.

"అయితే ఇప్పుడు వారు నన్ను క్షమించుదురా?" అన్నాడు.

"నిన్ను క్షమించడమేంటయ్యా? నువ్వేం చేశావు?"

"ఏమియు చేయలేదు. అయినను క్షమించవలసినది వారే గదా."

మర్నాడు కసిల్దా తన వంతు నీళ్లను ఆయన చెట్లకు మళ్లించింది. ఒకరి వంతు ఇంకొకరికి ఇచ్చుకోవచ్చని కాలువ కట్టుబాటులోనే ఉంది కాబట్టి ఒనోఫ్రెకు ఆయన తూము తాళం చెవి ఇవ్వక తప్పలేదు. ఆమె మొక్కజొన్న పొత్తు పట్టకుండానే ఎండింది. కాయ చాలావరకు రాలిపోయినా వారెన్ చెట్లు బతికాయి. తెలెస్ఫోర్ పాయ పూడ్చేశాడు, బెలార్మినోకు నీళ్లు వచ్చాయి. ఎందుకు వచ్చాయని బంకు దగ్గర ఎవరూ చర్చించలేదు.

చర్చి మెట్ల మీద చోటు పోయింది మాత్రం కసిల్దాకే. "బయటివాడి కోసం సొంత మనిషిని రచ్చకీడ్చింది," అన్నారు. ఎర్సిలియా ఎదురుపడితే రోడ్డు దాటేది. నేను ఆమె ఇంటికి వెళ్లి కాఫీ తాగి వచ్చిన రోజున, ఏం మాట్లాడుకున్నారని నన్ను నలుగురు వేరువేరుగా అడిగారు.

ఆ చలికాలం కూడా మంచు అంతంత మాత్రమే. మరుసటి వేసవిలో ఏరు మా దాకా రావడం పూర్తిగా మానేసింది. ఈసారి తెలెస్ఫోర్ కాదు. ఏటికి ఎగువన ఉన్న పియెద్రా అల్తా ఊరివాళ్లు అడ్డంగా రాళ్లు పేర్చి, ప్లాస్టిక్ గుడ్డ కప్పి నీళ్లన్నీ తమ కాలువలోకి తిప్పుకున్నారు. ఒక ఆదివారం పూజ కాగానే మా మగాళ్లంతా బండ్లెక్కారు. ఎవరూ పిలవకుండానే వారెన్ తన ట్రక్కు వేసుకుని, ఇనప గొలుసు పడేసుకుని వెనకే వచ్చాడు.

అక్కడ అరుపులయ్యాయి, తోపులాట అయింది. వారెన్ ఎవరితోనూ మాట్లాడకుండా ఏట్లో దిగి గొలుసు పెద్దరాయికి చుట్టాడు, ట్రక్కుతో లాగాడు. అడ్డుకట్ట తెగిపోయింది. గట్టు మీద నుంచి వచ్చిన రాయొకటి ఆయన కనుబొమ పగలగొట్టింది. తెలెస్ఫోర్ నీళ్లలోకి దూకి, తన మెడలో రుమాలు విప్పి ఆయన నుదుటికి కట్టాడు.

"మా బావ మీద చెయ్యేస్తార్రా!" అని గట్టు వైపు తిరిగి అరిచాడు.

ఆ ఒక్క మాటతో అంతా మారిపోయింది. వారెన్‌కు వంతు తిరిగి వచ్చింది. వసంతంలో పూడిక తీతకు తవ్వడం తేలికైన ఇసుక ముక్క ఇచ్చారు, భోజనాల్లో ఆయన పక్క జాగా కోసం ఒకరినొకరు తోసుకున్నారు. బంకు దగ్గర బెంచీ మీద కూర్చుని ఆయన పియెద్రా అల్తా వాళ్ల గురించి కథలు వినేవాడు. వాళ్లు పుట్టుకతోనే దొంగలట. వాళ్ల తాతలు మన గొర్రెల చెవుల గుర్తులు మార్చేవాళ్లట. మొదట తల ఊపేవాడు. కొన్నాళ్లకు తనే చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన మాట కూడా మారింది, పుస్తకం భాష పోయి మాలాగే మాట్లాడసాగాడు. కసిల్దా అది చూసి సంతోషించింది. మనిషికి ఊరు దొరికిందనుకుంది.

స్కూలు బస్సు పియెద్రా అల్తాకు కూడా వెళుతుంది. రోజూ ఉదయం ఆ ఊరి మలుపులో ఆగి పిల్లల్ని ఎక్కించుకుంటుంది. గొడవ అయినా పిల్లలు పిల్లలేగా. ఒకరోజు కసిల్దా బస్సు దిగి, అక్కడొక తల్లితో కాసేపు మాట్లాడింది. ఆ వారం శనివారం వారెన్ ఆమె గేటు దగ్గరికి వచ్చాడు. నుదుటి మీద మచ్చ ఇంకా కనబడుతోంది.

"కసిల్దా, ఒక మాట అడగాలి. తప్పుగా అనుకోకు."

"అడుగు."

"మొన్న పై ఊళ్లో బస్సు ఆపి ఎవరితోనో మాట్లాడావంట. చాలాసేపు."

"ఆ. అయితే?"

"ఏం లేదు. మళ్లీ రాళ్లు పేరుస్తున్నారని అంటున్నారు. మనం ఎప్పుడు వెళ్తామో వాళ్లకి ముందే తెలిసిపోతోంది. ఎవరు చెప్తున్నారో అని..."

"నిన్ను ఎవరు అడగమన్నారు?"

"ఎవరో ఒక్కరు కాదు. మనోళ్లే."

కసిల్దా గేటు మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడింది. ఒక్కసారి నవ్వొచ్చింది గానీ నోటి దాకా రాలేదు. "ఆవిడ పిల్లాడికి గవదబిళ్లలు," అంది. "తగ్గేదాకా బస్సు ఎక్కించొద్దని వాళ్లమ్మకి చెప్పా. అంతే."

"సరే. నువ్వు చెప్తే నమ్ముతాను," అన్నాడు వారెన్.

అంటున్నప్పుడే ఆయన చూపు ఆమె భుజం మీదుగా లోపలికి వెళ్లింది. వాకిట్లో ఆగిన బండి మీద, తలుపు పక్కన విప్పిన బూట్ల మీద, వాటికి అంటిన మట్టి మీద ఆగింది. ఆ చూపు కసిల్దాకు బాగా తెలుసు. ఒకప్పుడు ఆమె కూడా ఆయన తోట వైపు అలాగే చూసేది.

"నీ చెట్లకి నా నీళ్లు పెట్టినప్పుడు ఇలా ఎవరూ అడగమని పంపలేదా నిన్ను?" అంది.

ఆయన ముఖం ఎర్రబడింది. టోపీ అంచు వేళ్లతో తిప్పుకున్నాడు. "అప్పుడు నాకు ఎవరూ లేరు కసిల్దా," అన్నాడు. కాసేపటికి, "నన్ను అర్థం చేసుకో," అన్నాడు.

"అర్థమైంది," అంది ఆమె. నిజంగానే అర్థమైంది. అందుకే కోపం కూడా రాలేదు. ఆయన ట్రక్కు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పింది. ఏం చేస్తావు అని అడిగాను. బస్సు నడుపుతా, ఇంకేం చేస్తా అంది.

సోమవారం ఉదయం పియెద్రా అల్తా మలుపులో బస్సు ఆపింది. పిల్లలు ఎక్కారు. మా ఊరి ట్రక్కు ఒకటి కాస్త దూరంలో, ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అందులో ఎవరున్నారో అద్దం మీద ఎండ పడి ఆమెకు కనబడలేదు. కసిల్దా ఇంజను ఆపింది, తాళం జేబులో వేసుకుంది, మెట్లు దిగింది. గవదబిళ్లల పిల్లాడి తల్లి వాకిట్లో నిలబడి ఉంటే వెళ్లి, "వాపు తగ్గిందా?" అని అడిగింది. ఆవిడ ముందు ట్రక్కు వైపు చూసింది, తర్వాత కసిల్దా వైపు చూసింది. లోపలికి రమ్మని తలుపు తీసింది.